ఆది గౌను

మా వీధిలో ఆవిడని అందరూ గుండుసూది అంటారు. ఎదురుగా కాదు లెండి, అంత ధైర్యం ఎవరికుంది! బట్ట సరిచూసేటప్పుడు పెదాల మధ్య గుండుసూదులు పట్టుకోవడం ఆవిడ అలవాటు. నోట్లో సూదులున్నంతసేపూ ఎవరేం అడిగినా పలకదు. అవి తీశాక పలుకుతుంది. అప్పుడు అడిగినవాళ్ళే ఎందుకడిగామా అనుకుంటారు. ఆవిడ టైలరు షాపుకి ఎదురుగా నాది దారాలూ గుండీలూ జిప్పులూ అమ్మే కొట్టు. నా బేరంలో సగం ఆవిడ చలవే కాబట్టి ఆ నోటికి నేనెప్పుడూ ఎదురు చెప్పలేదు.

బడి పిల్లల యూనిఫాంలు కుట్టడంలో మాత్రం ఆవిడకి సాటి లేదు. పిల్లలు ఎదుగుతారు కదా అని నడుం దగ్గరా అంచు దగ్గరా లోపలికి బోలెడు గుడ్డ మడిచి కుడుతుంది. ఏడాది తిరిగేసరికి తల్లులు అదే గౌను పట్టుకొస్తారు. ఈవిడ ఆ కుట్టు విప్పి వదులు చేస్తుంది. "నా చేతి గౌను పిల్లతో పాటే ఎదుగుతుంది" అని గొప్ప చెప్పుకుంటుంది. అందులో అబద్ధమేమీ లేదు.

కానీ పిల్లల్ని షాపుకి రానివ్వదు. సుద్దలు విరగ్గొడతారనీ, గుండీల డబ్బా ఒలకబోస్తారనీ గోల. సరిపోయే పాత గౌను ఒకటి పంపిస్తే చాలు. మా భాషలో దాన్ని ఆది అంటాం. ఆ ఆదిని బల్ల మీద పరిచి, చుట్టూ సుద్దతో గీసి, ఎదిగే పిల్ల అని కాస్త వదులు కలిపి కత్తెర వేస్తుంది. ఇన్నేళ్ళలో ఆ లెక్క తప్పలేదు. తప్పింది సొంత మేనకోడలి దగ్గర.

ఆవిడ అన్నయ్య లారీ డ్రైవరు. సరుకెత్తుకుని వెళితే మళ్ళీ ఎప్పుడొస్తాడో అతనికే తెలియదు. భార్యా, బడికెళ్ళే కూతురూ పక్క వీధిలో ఉంటారు. మొదట్లో వదినా ఆడపడుచులకి బాగానే ఉండేది, ఒకరి చెప్పులు ఒకరు వేసుకుని తిరిగేవారు. తర్వాత ఒకసారి మన గుండుసూది నోరూరుకోక, "వదిన పొద్దెక్కేదాకా మంచం దిగడం లేదు, ఇల్లు చూస్తే చెత్తకుండీలా ఉంది" అని అన్నయ్య చెవిన వేసింది. అతగాడు ఫోన్‌లోనే పెళ్ళాన్ని చెడామడా తిట్టాడు. మర్నాడు ఆ వదిన వచ్చి షాపు ముందు నిలబడి, "నువ్వు బట్టలు కొలుచుకో. నా కాపురం కొలవడానికి నువ్వెవరు?" అని అరిచి వెళ్ళింది. వీధంతా విన్నది. అన్నయ్య కూడా, ఇంకెప్పుడూ మా ఇంటి సంగతి నా దగ్గర ఎత్తొద్దని చెల్లెలి చేత ఒట్టు వేయించుకున్నాడు.

అప్పట్నుంచి ఈవిడ ఆ గడప తొక్కలేదు. గౌన్లు మాత్రం ఆగలేదు. కొత్త తరగతి మొదలవగానే పక్కింటావిడ చేత ఆది వచ్చేది, గౌను వెళ్ళేది. మాటలు మానుకున్నా కుట్టు మానుకోలేదు.

ఈ ఏడు కూడా అలాగే వెళ్ళింది. కొద్ది రోజులకే వెనక్కి వచ్చింది. వదులైందట.

"వదులా? నా చేతిలోనా? మా వదిన కావాలనే వంక పెడుతోంది" అంది గుండుసూది.

"వయసు మీద పడుతోందమ్మా, చూపు ఆనడం లేదేమో" అన్నాను.

"మీ గుండీలు రెండు ఉతుకులకే రాలిపోతున్నాయి బాబాయ్, ముందు అవి చూసుకోండి."

గొణుక్కుంటూనే గౌనుని లోపలికి పట్టి కుట్టింది. ఉన్న గుడ్డ కత్తిరించలేదు, మడిచి కుట్టింది. అది మళ్ళీ వచ్చింది. ఇంకా వదులేనట.

ఈసారి గొణగలేదు. షాపులోనే ఉండిపోయిన పాత ఆదినీ కొత్త గౌనునీ పక్కపక్కన పరిచి చాలాసేపు చూసింది. తర్వాత ఆదిని తిరగేసి గుమ్మం దగ్గర వెలుతురులో పట్టుకుని, "బాబాయ్, ఒకసారి ఇలా రండి" అని పిలిచింది. నడుం దగ్గర రెండు పక్కలా సన్నటి బెజ్జాలు, చుట్టూ తుప్పు మరకలు. పిన్నీసు పెట్టిన జాడలవి. ఒక్కచోటే లేవు. మొదట అంచుకి దగ్గరగా, తర్వాత మరికాస్త లోపలికి, ఇంకా లోపలికి.

"ఆదే వదులు బాబాయ్. పిల్ల పిన్నీసులు పెట్టుకుని తిరిగింది. దానికి నేను ఇంకా వదులు కలిపాను, ఎదిగే పిల్ల అని." ఆదిని మడత పెట్టింది. "గౌను వదులు చెయ్యమని వస్తారు గాని, ఎదిగే పిల్లకి ఇలా మళ్ళీ మళ్ళీ బిగించమని ఇంతవరకూ ఎవరూ రాలేదు."

గౌనుని ఇంకాస్త లోపలికి మడిచి కుట్టి, అది పట్టుకుని, ఆ సాయంత్రం షాపు ముందుగానే మూసి బడి గేటు దగ్గరికి వెళ్ళింది. అక్కడి సంగతి తర్వాత తనే చెప్పింది. పిల్లని మొదట గుర్తుపట్టలేదట. జుట్టు ఉండకట్టి ఉంది, ఒక దవడ వాచి ఉంది. మెడలో తాళంచెవి.

"ఏం తిన్నావే పొద్దున్న?"

"బిస్కెట్లు."

"నిన్న?"

"అవే. పెద్ద ప్యాకెట్ అత్తా, చాలా వస్తాయి."

"ఆ దవడేంటి?"

"పన్ను. అమ్మ లేచాక డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానంది."

"ఎప్పుడు లేస్తుంది అమ్మ?"

"లేపితే ఏడుస్తుంది. అందుకే లేపను" అంది. మెడలో తాళంచెవి తిప్పుకుంటూ, "నాన్నకి చెప్పకు అత్తా. చెప్తే అమ్మని తిడతాడు. నువ్వు మళ్ళీ మానేస్తావు రావడం" అంది.

ఈ ముక్క చెబుతూ గుండుసూది కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూడటం నాకదే మొదలు. ఏం చెయ్యాలో తోచక, కొట్లోంచి ఒక స్టూలు తెచ్చి వేశాను.

పిల్లతో పాటు ఇంటికీ వెళ్ళిందట. ఇంకా వెలుతురుండగానే కిటికీలన్నీ మూసి ఉన్నాయి. పొయ్యి మీద ఎప్పటిదో గిన్నె, అడుగున బూజు. వదిన మాసిన నైటీలో గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఈవిడ గొంతు వినగానే లేచి కూర్చుంది.

"వచ్చావా తనిఖీకి? చూసుకో. బాగా చూసుకుని మీ అన్నయ్యకి చెప్పు."

"వదినా, పిల్ల పన్ను చూశావా? కొన్నాళ్ళు నా దగ్గర ఉంచు. నువ్వు డాక్టరుకి చూపించుకో, నేను తోడొస్తాను."

"నా పిల్లని పట్టుకుపోయి ఊరంతా టముకు వేద్దామనా? బయటికి నడు."

పిల్ల వెళ్ళి తల్లి పక్కన కూర్చుని ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకుంది. తనది తల్లి పక్షమని చెప్పడానికి కాదు, తల్లి పడిపోతుందేమో అన్నట్టు పట్టుకుందట. 

మర్నాడు క్యారియరులో అన్నం పంపించింది. మూత తియ్యకుండానే తిరిగొచ్చింది, "ఆడపడుచు ముష్టి మాకొద్దు" అన్న మాటతో సహా. ఒట్టు గట్టున పెట్టి అన్నయ్యకి ఫోన్ చేసింది. "మళ్ళీ మొదలెట్టావా?" అన్నాడతను. "పిల్ల సన్నగా ఉంటే అదో నేరమా? నా పోలిక. నిన్ననే మాట్లాడింది, బాగున్నాం అంది." వెనక లారీ ఇంజను మోతలో మిగతాది వినబడలేదు.

బడి గోడ మీద పెద్ద అక్షరాలతో ఒక నంబరు రాసి ఉంటుంది. పిల్లలకి కష్టమనిపిస్తే చెప్పండి అని. ఆ దారినే రోజూ వెళ్ళే నేను ఎప్పుడూ దాన్ని చదవలేదు. ఈవిడ ఫోన్‌లో ఎక్కించుకుని వచ్చింది. ఎక్కించుకుంది గాని నొక్కలేదు. పొద్దున్న తీసి చూసుకునేది, మళ్ళీ బల్ల మీద బోర్లా పెట్టేది.

"మనకెందుకమ్మా," అన్నాను నేను. నా స్వభావం అంతే, దాచుకోవడం దేనికి. "ఆ నంబరు ఆఫీసు వాళ్ళొస్తే పిల్లని ఏ హాస్టల్లోనో పడేస్తారు. అన్నయ్య నీ మొహం చూడడు. ఆడపడుచు కాపురం కూల్చిందంటారు."

"అంటారు. నేనైనా అలాగే అంటాను." చేతిలో కత్తెర ఊరికే తెరిచి మూస్తోంది. "వేరే ఎవరి పిల్లయినా అయితే గేటు దగ్గరే నొక్కేసేదాన్ని బాబాయ్. మా వదిన కాబట్టే చెయ్యి రావడం లేదు. ఆవిడంటే నాకు కోపం. నడివీధిలో అన్న మాట నేనింకా మర్చిపోలేదు. ఆ కోపంతోనే చూస్తున్నానేమో, గోరంతని కొండంత చేస్తున్నానేమో అని భయంగా ఉంది."

"మరి ఆ పిన్నీసులు?"

"అదే. పిన్నీసులు నేను పెట్టలేదు కదా."

ఎవరిదో జాకెట్టు సరిచూస్తూ సూదులు నోట్లో పెట్టుకుంది. నేను నా కొట్లోకి వచ్చి జిప్పులు సర్దుకుంటున్నాను. ఎండ వాలే వేళకి తలెత్తి చూస్తే, పెదాల మధ్య నుంచి ఒక్కొక్క సూదీ తీసి సూదుల దిండుకి గుచ్చుతోంది. అన్నీ గుచ్చాక ఫోన్ తీసింది. అవతలి మాట నాకు వినబడలేదు. ఈవిడ మాట మాత్రం వీధికి వినబడింది. గుసగుసలాడటం ఆవిడకి చేతకాదు.

చూసింది చూసినట్టు చెప్పింది. పన్ను, బిస్కెట్లు, తాళంచెవి, బూజు గిన్నె. వదిన మనిషి చెడ్డది కాదనీ, ఒంట్లోనో మనసులోనో ఏదో జబ్బుందనీ, ముందు ఆవిడకి వైద్యం కావాలనీ కూడా చెప్పింది. అవతలివాళ్ళు ఏదో అడిగినట్టున్నారు.

"పేరు చెప్పకపోయినా పర్లేదా? వద్దు, నా పేరే రాసుకోండి. ఆడపడుచుని. అది కూడా రాసుకోండి. మా ఇద్దరికీ పడదు. రాశారా? నా మాట నమ్మొద్దు. మీరొచ్చి మీ కళ్ళతో చూసుకోండి."

ఫోన్ పెట్టేసి, కాసేపు ఖాళీ చేతులతో కూర్చుంది.

వాళ్ళు వచ్చారు, చూశారు. నేను భయపెట్టిన హాస్టలు మాట రాలేదు. వదిన వాళ్ళ అమ్మని పిలిపించి పిల్లని ఆవిడ చేతిలో పెట్టారు. వదినని ఆస్పత్రిలో చేర్చారు. పిల్ల పన్ను పీకించారు. అన్నయ్య లారీ ఎక్కడో వదిలేసి బస్సులో పరిగెత్తుకొచ్చాడు. ఇంటికి వెళ్ళి, ఆస్పత్రికి వెళ్ళి, చివరికి షాపు దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. గుమ్మంలో నిలబడి చెల్లెల్ని చూశాడు, "పరాయివాళ్ళకి చెప్పావు" అన్నాడు.

"ముందు నీకే చెప్పాను" అంది ఆవిడ.

అతను వెళ్ళిపోయాడు. ఇప్పటికీ మాట్లాడడు. వీధిలో కొందరు యూనిఫాంలు వేరే చోట కుట్టించుకోవడం మొదలుపెట్టారు. కొలతలు తీసి ఆఫీసుకి ఫోన్ చేస్తుందని వెటకారం. ఆవిడ పట్టించుకోనట్టే ఉండేది. కానీ సాయంత్రాలు ఆ ఖాళీ బల్లని గుడ్డతో తుడిచిందే తుడవడం నేను చూస్తూనే ఉన్నాను.

చాలా నెలలకి, ఒక సెలవునాడు, నా కొట్టు ముందు ఒకావిడ నిలబడి గుండీలు చూడటం మొదలుపెట్టింది. తల దువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని ఉంటే నేనూ వెంటనే పోల్చుకోలేదు. ఆ వదినే. వీధి దాటలేదు. గౌనున్న కవరు ఇచ్చి, వెంట వచ్చిన పిల్లని మాత్రం అటు తోసింది. పిల్ల షాపులోకి దూరింది, దూరుతూనే సుద్దొకటి కింద పడేసింది. గుండుసూది ఏమీ అనలేదు.

"అత్తా, గౌను పట్టేస్తోంది. ఊపిరాడటం లేదు" అంటోంది పిల్ల.

గుండుసూది నోటి నిండా సూదులు. పలకలేదు. పిల్ల నడుం చుట్టూ టేపు వేసింది. తర్వాత గౌనుని తిరగేసి, అప్పట్లో లోపలికి పట్టి కుట్టిన కుట్టుని బ్లేడుతో ఒక్కొక్కటే తెంపింది. మడతలో దాగిన గుడ్డ బయటికి వచ్చింది. అది ఇంకా కొత్తగానే ఉంది, మిగతా గౌను వెలిసిపోయింది. సూదులు తీసి, నా కొట్టువైపు చూడకుండా గట్టిగా అంది.

"ఒసేయ్, మీ అమ్మకి చెప్పు. ఇకమీదట ఈ షాపులో ఎవరి దగ్గరా ఆది తీసుకోను. పిల్ల స్వయంగా రావాల్సిందే."

వదిన చేతిలో గుండీ అటూ ఇటూ తిప్పింది. ఆ గుండీ ఆవిడకి అక్కర్లేదని నాకు తెలుసు.

"ఎంత పొగరో చూశారా బాబాయ్" అంది నాతో, చాలా మెల్లగా. గుండీని తిరిగి డబ్బాలో వేసి, "వస్తుందని చెప్పండి" అంది.