చల్లారే ఇంజను

సినిమాల కోసం పాత కార్ల శబ్దాలు రికార్డు చేయడం నా పని. ఆత్మకూరులో ఒక అంబాసిడర్ శబ్దం పట్టుకుని, కర్నూలు బస్సులో హెడ్‌ఫోన్సు పెట్టుకుని వింటున్నాను. పక్కసీటు పెద్దాయన ఏం వింటున్నావని అడిగితే వాటిని ఆయన చెవులకు తగిలించాను. కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు.

"బండి ఆగిన ఎంటనే ఆపేసినావేమప్పా? ఇంజను చల్లారేటప్పుడు టిక్కుటిక్కుమంటాది. శానా ఏండ్లు ఇట్లాంటి బండే తోలినా. కర్నూలు ఆసుపత్రి నుంచి శవాన్ని తెచ్చి ఇంటికాడ దించినాక, లోపల వాళ్లు ఏడుస్తాంటే, నేను బండిలోనే ఆ సద్దు ఇంటా కూచునేవాణ్ణి" అన్నాడు.

ఆ శబ్దం కావాలని ఇంతవరకు ఏ సినిమావాళ్లూ అడగలేదు. అయినా ఆ రోజు నుంచి ఏ బండి రికార్డు చేసినా, ఇంజను పూర్తిగా చల్లారేదాకా నేను మైకు తీయను. పక్కన ఎవరినీ మాట్లాడనివ్వను.