మస్కట్‌లో నా పేరు రాసిన అట్ట

సంఘ పెద్దలకు, తల్లులకు, తోటి సహోదరులకు ప్రభువు పేరట వందనాలు. నేను చెప్పబోయేది జబ్బు నయమైన సంగతి కాదు, తాగుడు మానిన సంగతీ కాదు. ఒక అబద్ధం నుంచి దేవుడు నన్ను విడిపించిన సంగతి. ఆ అబద్ధం పేరు కళ్లజోడు.

నా పేరు దానియేలు. జగ్గయ్యపేటలో మీలో చాలామంది ఇళ్లలో బండలు పరిచింది నేనే. టేపు మీద అంకెలు వచ్చు, సంతకం గీయడం వచ్చు, అంతకు మించి ఒక్క అక్షరం వచ్చేది కాదు. పదేళ్ల వయసులో బడి మాన్పించి మా నాన్న నన్ను పనికి తీసుకెళ్లాడు, అది నా తప్పు కాదు, కానీ దాన్ని దాచింది మాత్రం నేనే. నా భార్య సుగుణకు తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఎవరైనా కాగితం చేతికిస్తే జేబులు తడుముకుని, "అయ్యో, కళ్లజోడు ఇంట్లో మర్చిపోయానండీ, కాస్త చదివి పెట్టండి" అనేవాణ్ణి. దీనికోసం ఒక సాదా అద్దాల జోడు కొని పెట్టెలో పెట్టాను కూడా. మర్చిపోయానని చెప్పుకోవడానికి వస్తువంటూ ఒకటి ఉండాలి కదా!

ఇంతటితో ఆగలేదు సహోదరులారా. శనివారం సాయంత్రం సుగుణ వాక్యం చదివి వినిపించేది, నేను కంఠస్థం చేసేవాణ్ణి, ఆదివారం మందిరంలో పుస్తకం తెరిచి వరసల మీద వేలు నడుపుతూ అప్పజెప్పేవాణ్ణి, "దానియేలు చదువుతుంటే వినబుద్ధేస్తుంది" అని మీరు అంటుంటే తల దించుకోకుండా ఎత్తుకునేవాణ్ణి. వేలిముద్ర వేసే యేసుదాసన్నను సంఘపెద్దగా పెడదామన్నప్పుడు, "చదువు రానివాడు మనకెందుకు?" అని అడ్డుపడింది నేనే. ఆయన ఈ రోజు ఆ మూడో వరసలో కూర్చుని ఉన్నాడు.

ఇంకొకటి ఉంది, అది చెప్పడం కష్టం. మా అమ్మాయి రూతు ఏడో తరగతిలో ప్రోగ్రెస్ కార్డు తెచ్చి సంతకం పెట్టమంది. మార్కులు అంకెల్లో కనబడుతున్నాయి కానీ ఏ అంకె దేనిదో, అది మంచిదో చెడ్డదో నాకేం తెలుసు! తండ్రి అన్నవాడు ఇలాంటప్పుడు ఏదో ఒకటి అనాలి గనుక, "ఇవీ ఒక మార్కులేనా?" అని గట్టిగా తిట్టి సంతకం గీకాను. పిల్ల ఏడుస్తూ వెళ్లిపోయింది. తరగతిలో మొదటి స్థానం వచ్చిందని కార్డు కింద టీచరు రాసిందట, సుగుణ చెప్పింది. నేను వెళ్లి క్షమించమని అడగలేదు. అడిగితే ఎందుకు తిట్టానో చెప్పాలి కదా. ఆ తర్వాత రూతు నాకు ఏ కాగితమూ చూపించలేదు.

కొన్నాళ్లకు మస్కట్‌లో మేస్త్రీ పని దొరికింది. ఏజెంటు చెప్పింది ఒక్కటే మాట: "బయటికి రాగానే నీ పేరు రాసిన అట్ట పట్టుకుని కంపెనీ మనిషి ఉంటాడు. చూసుకుని ఆయన వెంట వెళ్లడమే. మధ్యాహ్నం దాకా చూస్తాడు. రాలేదనుకుంటే రిపోర్టు రాసేసి వీసా రద్దు చేస్తారు." బయలుదేరే ముందు సుగుణ, "రూతు చేత నీ పేరు ఇంగ్లీషులో పెద్దగా రాయిస్తా, పోల్చుకోవచ్చు" అంది. "ఆ మాత్రం నాకు తెలవదా?" అని కసురుకున్నాను.

పొద్దున్నే మస్కట్‌లో దిగాను. బయట కమ్మీకి ఆనుకుని ఎంతమంది! ప్రతివాడి చేతిలో ఒక అట్ట, ప్రతి అట్ట మీద ఇంగ్లీషు రాత. నేను ఒక్కొక్క అట్ట ముందూ ఆగి, చదివినవాడిలాగే చూసి, ఇది నాది కాదన్నట్టు మొహం తిప్పుకుని ముందుకు నడిచాను. నా వీసా కాగితం జేబులోనే ఉంది, దాని మీద నా పేరు ఇంగ్లీషులో ఉంది, తీసి అక్షరం పక్కన అక్షరం పెట్టి పోల్చుకుంటే సరిపోయేది. కానీ అలా పోల్చుకుంటే నాకు చదువు రాదని చుట్టూ ఉన్నవాళ్లకు తెలిసిపోతుందని తీయలేదు. అక్కడ నన్నెరిగినవాడు ఒక్కడూ లేడు సహోదరులారా! అయినా సిగ్గుపడ్డాను. విమానాలు దిగుతున్నాయి, పట్టుకునే మనుషులు మారుతున్నారు, అట్టలు మారుతున్నాయి. మూడు గంటలు గడిచాయి. గోడవారన సంచి దించి, కళ్లు మూసుకుని ప్రార్థించాను: "ప్రభువా, నా పరువు పోకుండా నన్ను గట్టెక్కించు. చదివిపెట్టే మనిషిని ఒకణ్ణి పంపు."

కళ్లు తెరిచేసరికి పక్కన ఒకాయన ఫోనులో, "నందిగామలో బస్సు దిగి ఆటో ఎక్కరా" అని అరుస్తున్నాడు. ప్రాణం లేచొచ్చింది! ఆయన పేరు ఖాసిం, యాభై దాటినవాడు, అక్కడ వ్యాను నడుపుతాడు, ఎవరినో దింపడానికి వచ్చాడు. నాది జగ్గయ్యపేట అనగానే, "మా రెండో పిల్లని మీ పేటకే ఇచ్చాం తమ్ముడూ!" అని భుజం చరిచాడు. నేను కాగితం తీసి అలవాటు ప్రకారం జేబులు తడుముకున్నాను.

"అన్నా, కళ్లజోడు ఇంట్లో మర్చిపోయా. కాస్త ఇది చదివి..."

"దానికేముంది!" అంటూ ఆయన తన మొహం మీది జోడు తీసి నా చేతిలో పెట్టాడు. "పెట్టుకో. పవరు కాస్త తేడా ఉన్నా అక్షరం కనపడుద్ది. అది లేకపోతే నాకూ కనపడదు మరి."

పెట్టుకున్నాను. లోకమంతా అలుక్కుపోయింది.

"కనపడుతుందా?"

"కనపడుతుందన్నా."

"ఏమని ఉంది?"

నలభై రెండేళ్లలో నన్ను ఆ మాట అడిగినవాడు లేడు. జోడు తీసి ఇచ్చేశాను. "అన్నా, నాకు చదువు రాదు" అన్నాను.

నవ్వుతాడనుకున్నా. నవ్వాడు! "ఓస్, ఇంతేనా? నీ మొహం చూసి వీసా దొంగదేమోనని హడలిపోయా గదయ్యా. మా అమ్మకీ రాదు చదువు, ఇంటిల్లిపాదీ ఆమె మాటే వింటది. పద."

జోడు పెట్టుకుని కాగితం చదివి, నన్ను చెయ్యిపట్టుకుని కమ్మీ దగ్గరికి నడిపించాడు. నేను మొదట నిలబడ్డ చోటికి నాలుగడుగుల దూరంలో ఒక మలయాళీ ఆయన, అట్ట చంకలో పెట్టుకుని వెళ్లిపోబోతున్నాడు. ఖాసిం ఆయనతో హిందీలో మాట్లాడి నా వైపు తిరిగాడు. "నువ్వు ఈయన ముందు నుంచి మూడుసార్లు పోయావంట తమ్ముడూ. పేరు వంక చూసి మొహం తిప్పుకుంటుంటే వేరే మనిషివేమో అనుకున్నాడంట." తర్వాత అట్ట మీద వేలు పెట్టి, "ఇదిగో, వంచిన విల్లులా ఉంది చూడు, ఇదే నీ పేరులో మొదటి అక్షరం" అన్నాడు.

నా పరువు నిలబెట్టమని అడిగితే దేవుడు దాన్నే తీసేశాడు, మన మందిరం గడప ఎన్నడూ తొక్కని మనిషి చేత తీయించాడు. దేవునికే మహిమ! ఆ అట్ట అడిగి తీసుకున్నాను.

సాయంత్రం గది చేరాక, అక్కడివాళ్ల ఫోను అడిగి ఇంటికి చేశాను. "రూతూ, నాకు చదువు రాదమ్మా. ఆ రోజు నీ కార్డు నేను చదవలేదు. చదివినట్టు నటించి తిట్టా. క్షమించు తల్లీ." ముక్కు ఎగబీలుస్తూ, "రేపట్నుంచి రోజుకి రెండక్షరాలు ఫోన్‌లో పంపుతా నాన్నా. తప్పు రాస్తే నీకంటే గట్టిగా తిడతా" అంది. అన్నట్టే తిట్టింది, రెండేళ్లు.

తిరిగొచ్చాక మొదట యేసుదాసన్న ఇంటికి వెళ్లి కాళ్లు పట్టుకున్నాను. అక్షరాలు నేర్పుతా రమ్మంటే, "ఈ వయసులో నాకెందుకురా, నువ్వు చదువు, నేను వింటా" అన్నాడు. ఇందాక మీరు విన్న వాక్యం కంఠస్థం చేసింది కాదు, కూడబలుక్కుని చదివింది. అందుకే అంతసేపు పట్టింది, ఓపికగా విన్నందుకు వందనాలు. ఈమధ్య నాకు నిజంగానే చత్వారం వచ్చింది, ఈ రోజు నిజంగానే కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాను. పాస్టరు అయ్యగారి జోడు అడిగి పెట్టుకున్నప్పుడు రూతు ఎందుకు నవ్విందో ఇప్పుడు మీకు తెలిసింది.

నన్ను విడిపించిన దేవునికి కృతజ్ఞతలు. ఖాసిం అన్నను, ఆయన ఇంటిని ప్రభువు దీవించును గాక. సహోదరులారా, ఇక్కడ ఎవరు ఏది దాచుకుని కూర్చున్నారో నాకు తెలియదు, అడగను. ఒక్కటే చెబుతాను. మీ పేరు రాసిన అట్ట పట్టుకుని ప్రభువు నిలబడి ఉన్నాడు. నాలా చదివినట్టు చూసి మొహం తిప్పుకోకండి. నాకు రాదు ప్రభువా అని చెప్పండి, ఆయనే వచ్చి చెయ్యి పట్టుకుంటాడు. ఆమేన్.