దర్జీ చేతికి పచ్చ చీటీ

“మాట్లాడగలిగినవాడు ఆగగలడట. ఇదీ మీ అక్క న్యాయం,” అన్నాడు దర్జీ, దారం కొరికి పక్కన ఉమ్మేస్తూ.

చొక్కాకి బొత్తాలు కుట్టించుకుందామని వచ్చిన బామ్మర్ది బనీనుతో స్టూలు మీద కూర్చున్నాడు. వాళ్లక్క ఆసుపత్రిలో నర్సు. వచ్చినవాళ్లని గుమ్మం దగ్గరే చూసి, ఎవరిని ముందు లోపలికి పంపాలో తేల్చడం ఆమె పని. ప్రాణం మీదికి వచ్చినవాళ్లకి ఎర్ర చీటీ, కొంచెం ఆగగలిగినవాళ్లకి పసుపు, తీరిగ్గా కూర్చోగలిగినవాళ్లకి పచ్చ.

“ఇంతకీ నీకు ఏ రంగు ఇచ్చింది బావా?”

“మిషను సూది గోట్లోంచి దిగి లోపలే విరిగింది. పైగా కట్టుకున్న మొగుణ్ణి. పచ్చ.”

బామ్మర్ది నవ్వు ఆపుకోవడానికి వీధిలోకి చూశాడు.

దర్జీకి సూది కంటే ఆ రంగే లోతుగా దిగింది. పెళ్లయిన నాటినుంచీ ఆ గుమ్మమంటే అతనికి కన్నుకుట్టు. ముక్కూ మొహం తెలియనివాళ్ల పెదాల రంగు చూస్తుంది. గోరు నొక్కి వదిలి, రక్తం తిరిగొచ్చేదాకా రెప్ప వాల్చదు. ఇంట్లో మొగుడు కొత్త చొక్కా తొడుక్కుని ఎదురుగా తిరిగినా కంట పడడు. అందుకే ఆ రోజు వేలికి గుడ్డ చుట్టుకుని పరిగెత్తుతూ, నొప్పిలోనూ లోలోపల కాస్త సంబరపడ్డాడు. ఇవాళ తనే ముందు.

“బెంచీ మీద నా పక్కన ఒక పెద్దాయన. ఫ్యాను కింద కూర్చునీ చెమటతో తడిసిపోతున్నాడు. నా గోడంతా ఆయనకే వెళ్లబోసుకున్నాను. ఊ కొట్టడానిక్కూడా ఓపిక లేదు. మీ అక్క నన్ను దాటుకుపోయి, ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి పట్టుకుంది. పెళ్లినాడు కూడా నా చెయ్యి అంతసేపు పట్టుకోలేదు.”

“ఏమైంది ఆయనకి?”

“గుండె. బతికాడులే. బతకాలనే కోరుకున్నాను.” దర్జీ గొంతు తగ్గించాడు. “కానీ ఆ ఎర్ర చీటీ చూస్తే మాత్రం ఒళ్లు మండింది.”

ఆసుపత్రికి వెళ్లొచ్చిన మర్నాడే అతనొక ఎత్తు వేశాడు. అరిచేవాళ్ల కంటే నోరు మెదపనివాళ్ల దగ్గరికే ఆమె ముందు వెళుతుందని తెలిసిపోయిందిగా. ఆమె డ్యూటీ దిగి వచ్చే వేళకి గోడకి జారగిలబడి, ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాడు. ఆమె సంచీ గుమ్మంలోనే పడేసి పరిగెత్తుకొచ్చింది. మణికట్టు పట్టుకుంది, కనురెప్ప లాగి చూసింది, బాగున్న చేతి గోరు నొక్కింది. ఆమె ముఖాన్ని అంత దగ్గరగా చూసి ఎన్నాళ్లయిందో. ఇంతలో ఆమె నొక్కి వదిలిన ఆ పాడు గోరు ఎర్రబడనే ఎర్రబడింది.

“‘లేచి బట్టలు తియ్యి, వానొచ్చేలా ఉంది’ అంది.”

“దొరికిపోయావన్నమాట.”

“దొరికాను. కానీ ఆ పరుగు రోగి కోసమా, నా కోసమా? అది తేలడం లేదు. వేలెలా ఉందని మళ్లీ అడిగితే ఒట్టు.”

చొక్కా దులిపి అందించి, బల్ల కింద నుంచి భోజనం డబ్బా తీశాడు.

“అటేగా పోతున్నావు, ఇది మీ అక్కకి ఇచ్చెయ్యి. ఎర్ర చీటీవాళ్లుంటే ఆగు. పసుపువాళ్లున్నా ఆగు. నా వేలి మాట మాత్రం నువ్వు ఎత్తకు. తనంతట తను అడుగుతుందేమో చూసి, తిన్నగా ఇక్కడికే వచ్చి చెప్పు.”