బోర్లించిన బాణం

మామ పోయాడన్న కబురు నాకు దుకాణం తెరుస్తుండగా వచ్చింది. గొర్రెలకాపరి ఒకడు పరుగున వచ్చి చెప్పాడు. పెద్దారవీడు దారిలో, కొండ కింద బీడు పక్కన, ముసురులో పడి ఉన్నాడట. పక్కన గడ్డపార ఉందట. రెండు చేతులకూ సున్నం అంటుకుని ఉందట.

"నిద్రపోతుండాడేమో అనుకున్నా అన్నా. లేపితే లేయలా," అన్నాడు కాపరి.

తాళంచెవి చేతిలో పట్టుకుని అట్లాగే మెట్టు మీద కూర్చుండిపోయాను. ఆ వయసులో, ఆ వానలో ఆయన అక్కడికి ఎందుకు పోయాడో మార్కాపురంలో ముగ్గురికి బాగా తెలుసు. ఆ ముగ్గురిలో నేనొకణ్ణి.

ఆయన నాకు మేనమామ కాదు, పిల్లనిచ్చిన మామా కాదు. ఊరంతా ఆయన్ను మామ అనే పిలిచేది. కొండవార ఆయనకు పలకల గని ఉండేది. బడిపిల్లలు రాసుకునే పలకలు అక్కడి రాయిని పొరలు పొరలుగా చీల్చి చేసినవే. గని పక్కన రేకులు దించిన వసారా ఒకటి ఉంది. ఆదివారమైతే అక్కడ చేరేవాళ్ళం: బోర్డు స్కూల్లో సైన్సు చెప్పే అయ్యవారు, ఆస్పత్రి కాంపౌండరు, గుడ్డలు కొలిచి అమ్ముకునే నేను. మామ ఇంటినుంచి మజ్జిగ కడవ వచ్చేది. మొదట్లో నేను ఆ మజ్జిగ కోసమే పోయేవాణ్ణని దాచుకోను.

మా మాటలన్నీ విమానాల గురించి. మాలో ఒక్కడూ విమానం ఎక్కినవాడు కాడు. అయినా లోకంలో విమానాలన్నీ మమ్మల్ని అడిగే కడుతున్నట్టు వాదించుకునేవాళ్ళం. అయ్యవారు పేపర్లో వచ్చిన బొమ్మలు కత్తిరించి గోడకు అంటించేవాడు. ఒక్క ఇంజను చాలు, బరువు తగ్గితే వేగం పెరుగుతుందని ఆయన వాదం. రెండు లేకపోతే నేను కాలు పెట్టనంటాడు కాంపౌండరు, ఎవరో ఆయన కోసం టిక్కెట్టు కొని కూర్చున్నట్టు. ఇద్దరూ గొంతులు చించుకున్నాక మామ చుట్ట పక్కన పెట్టి ఎప్పుడూ ఒకటే అడిగేవాడు.

"అది సరే. దిగాల్సి వస్తే యాడ దిగుతాడు?"

ఆ ప్రశ్న ఆయనకు ఊరికే పుట్టలేదు. యుద్ధానికి ముందు ఒక వానాకాలం, మద్రాసునుంచి హైదరాబాదుకు టపా మోసే చిన్న విమానం ఒకటి మబ్బుల్లో చిక్కుకుని, కొండ కింది బీట్లో దిగింది. నడిపే కుర్రవాడు వణుకుతూ దిగి మొట్టమొదట అడిగిన మాట, ఇది ఏ ఊరని. మామ అతనికి అన్నం పెట్టించాడు. పైనుంచి చూస్తే కొండ ఎక్కడ ఆగుతుందో, చదును ఎక్కడ మొదలవుతుందో మబ్బురోజున తెలియదని, ఏదైనా గుర్తుంటే బతికిపోతామని ఆ కుర్రవాడు అన్నాడట. మర్నాడు తెరిపివ్వగానే ఎగిరిపోయాడు. మామ మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయాడు.

"పైనుండేటోనికి అన్నీ కనబడతాయని అనుకుంటాం. మనం చూపిచ్చిందే వానికి కనబడేది," అనేవాడు తర్వాత చాలాసార్లు.

ఆ ఎండాకాలమే బాణం పరిచాడు. గనిలో పలకలకు పనికిరాని పెద్ద పెద్ద రాతిపెళ్ళలు గుట్టలుగా పడి ఉండేవి. వాటిని బండ్ల మీద తోలించి, కొండ వాలు అయిపోయే చోట వరసగా పేర్చి, పైమొహానికి సున్నం కొట్టించాడు. తోక పడమర కొండ వైపు, తల తూర్పున బీడు వైపు. అటు పో, అటు చదునుంది అని చెప్పే బాణం. కొండెక్కి చూస్తే నల్లనేల మీద పాలు ఒలికినంత తెల్లగా ఉండేది. ఊళ్ళో నవ్వినవాళ్ళు నవ్వారు.

తర్వాత యుద్ధం వచ్చింది, చందాలు వచ్చాయి. తాసీల్దారు బళ్ళో మీటింగు పెట్టి, తాలూకాలన్నీ కలిసి ఇస్తే ఒక యుద్ధవిమానం కొనవచ్చని, దాని మీద మన పేరు రాయిస్తారని చెప్పాడు. మా వసారాలో ఇక పండగే. ఏ రకం కొనాలి, తుపాకులు ఎన్నుండాలి, రెక్క ఎంత పొడుగుండాలి అని కొట్టుకు చచ్చాం. మామ తాసీల్దారును అడిగింది వేరు. నడిపేవాడికి దూకడానికి గుడ్డ గొడుగు ఇస్తారా అని. ఇస్తారన్నాడాయన. "అట్లయితే నా చందా ఆ గొడుగు కింద రాసుకోండి," అన్నాడు మామ. మేము నవ్వాం. ఇప్పుడు తలుచుకుంటే కళ్ళు నిండుతున్నాయి.

కోస్తాలో బాంబులు పడిన ఏడు, మద్రాసు విడిచి వచ్చేవాళ్ళ మూటలూ ముల్లెలతో రైళ్ళు నిండి వచ్చాయి. అప్పుడే సబిన్‌స్పెక్టరు గని దగ్గరికి వచ్చాడు. ఆకాశానికి కనబడే గుర్తులేవీ ఉండకూడదని ఆర్డరు. శత్రువుకు దారి చూపినట్టవుతుందట. శత్రువు మ్యాపులు పెట్టుకునే వస్తాడు, దారి తప్పేది మనవాడేనని మామ చెప్పి చూశాడు. సబిన్‌స్పెక్టరు చెడ్డవాడేం కాదు, కానీ ఆర్డరు ఆర్డరే. చివరికి మామ, "పగలగొట్టను. బోర్లిస్తా," అన్నాడు. పెళ్ళలన్నీ తెల్లమొహం నేలకేసి తిప్పారు. పొద్దు గూకేసరికి బాణం నేలలో కలిసిపోయింది. ఆ తర్వాత కూడా ఏటా ఎండలకు పెళ్ళలు లేపించి, సున్నం పూయించి, ఆరాక మళ్ళీ బోర్లించేవాడు. ఎవరికీ కనబడని సున్నం ఎందుకు మామా అంటే, తిప్పాల్సిన రోజు సున్నం కోసం వెతుకుతామా అనేవాడు.

ఆ రోజు వచ్చింది. కార్తీకమాసం, మధ్యాహ్నం పూట. నల్లమల మీద మబ్బు కిందికి వంగి కూర్చుంది. మజ్జిగ గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్న మామ రెండో చేయి పైకెత్తాడు. శబ్దం వినబడితే ఆయనకు అదే అలవాటు, తింటున్నా, మాట్లాడుతున్నా చేయి లేచేది, అందరం నోరు మూసుకోవాలి. మోత వచ్చింది. పోయింది. మళ్ళీ వచ్చింది.

"దారి తప్పినాడు," అన్నాడు మామ. "లేయండిరా."

నలుగురం, గని కూలీలు ఇద్దరు, గడ్డపారలు తీసుకుని పరుగెత్తాం. ఒక్కొక్క పెళ్ళ ఇద్దరు పట్టుకుంటే గాని తిరగదు. గని వైపునుంచి పోతే ముందు తగిలేది తోక. అక్కడే మొదలుపెట్టాం. ఎవరికీ ఇంకో ఆలోచన రాలేదు. ఏ పనైనా మొదటినుంచి మొదలుపెట్టడం తప్ప మనకేం తెలుసు? తోక అయిపోయి, నడిమి గీత ముప్పాతిక తెల్లబడింది. తల ఇంకా నేలకేసే ఉంది.

అప్పుడు విమానం మబ్బులోంచి కిందికి జారింది. బూడిదరంగు, రెండింజన్లు, పక్కన కిటికీల వరస. తూర్పునుంచి వచ్చింది. మా తెల్లగీత మీదికి రాగానే కొంచెం వంగి, గీత పొడుగునా సర్దుకుని, నేరుగా పడమరకు, కొండ వైపు పోయింది. మామ తలగుడ్డ ఊపుతూ దాని వెనకాలే పరుగెత్తాడు. "అటు కాదు నాయనా, అటు కాదు," అని అరుస్తూనే ఉన్నాడు. మబ్బు మూసుకుంది. మోత కాసేపు వినబడింది. తర్వాత ఏమీ వినబడలేదు. పెద్ద చప్పుడేదైనా వస్తుందని నిలబడ్డాం, అదీ రాలేదు.

చీకటి పడకముందే పెళ్ళలు మళ్ళీ బోర్లించాం. కొన్నాళ్ళకు దోర్నాల మీదుగా మిలిటరీ లారీలు అడవిలోకి పోయాయని, దారి మూసేశారని తెలిసింది. కిటికీల వెనక ఎంతమంది ఉన్నారో మాకెవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

నడిపేవాడు మన గీత చూసే ఉండడని, లోపల ఏదో చెడిపోయి ఉంటుందని అయ్యవారు ఎన్ని విధాలుగానో చెప్పేవాడు. మామ అంతా వినేవాడు. విన్నాక ఒక్కసారి మాత్రం, "మనం గీత గీసినాం అయ్యవారూ. బాణం గీయలా," అన్నాడు. అప్పటినుంచి ఆయన పడమరకు వీపు పెట్టి కూర్చోలేదు. నేను గిద్దలూరులో రెండో దుకాణం పెడతానని ఎగిరిపడితే, అదే గొంతుతో, దిగాల్సి వస్తే యాడ దిగుతావు అని అడిగాడు. పెట్టలేదు. అందుకే ఇవాళ ఉన్న దుకాణమైనా నిలిచింది.

యుద్ధం అయిపోయింది. మిలిటరీ వాడి పారేసిన విమానాలను కంపెనీలు కొని, కుర్చీలు బిగించి, జనాన్ని ఎక్కించుకుంటున్నాయని పేపర్లో వచ్చింది. గట్టి విమానాలు, యుద్ధంలో నిలిచినవి, భయమేముంది అన్నాడు అయ్యవారు. "మిరపకాయలు మోసిన బండిని కడిగి పెండ్లికూతురిని ఎక్కిచ్చినట్లుంది," అన్నాడు మామ. చాలా రోజులకు ఆ పూట నవ్వుకున్నాం. కానీ మర్నాడే ఆయన తాలూకా కచేరీకి పోయాడు, పెళ్ళలు తిప్పుకోనివ్వమని అడగడానికి. ఆర్డరు రద్దయినట్టు మాకు రాలేదన్నారు. ఎన్నిసార్లు పోయినా అదే మాట. ఈలోగా మా తల మీద మోతలు పెరుగుతూ వచ్చాయి.

మామ పోయిన రోజు సంగతి ఆయన భార్య, మా అందరికీ అత్త, చెప్పింది. "తెల్లారీ తెల్లారకముందే మబ్బు పట్టిందని లేచినాడు నాయనా. ఏందో మోత వస్తాండాదన్నాడు. నాకేం వినపడలా. సద్దన్నం కలిపి పెట్టినా, తినకుండా పోయినాడు."

దినాలు కాగానే అయ్యవారు, కాంపౌండరు, నేను బీటికి పోయాం. దారిలో కనబడిన ప్రతివాణ్ణీ అడిగాం. ఆ పొద్దున విమానం మోత విన్నవాడు ఒక్కడూ లేడు. కాపరి కూడా వాన చప్పుడు తప్ప ఏమీ వినలేదన్నాడు.

గని దాటి నడిచాం. తోక నల్లగానే ఉంది. నడిమి గీత నల్లగానే ఉంది. ఆ చివర, ఆయన పడిపోయిన చోట, బాణం తల మొత్తం తెల్లగా వెల్లకిలా పడి ఉంది. ఇద్దరు పట్టుకుంటే గాని తిరగని పెళ్ళలు. ఒక్కడే, ముసురులో, మొదట బాణం తలనే తిప్పాడు. ఇక గీత లేకపోయినా ఎటు పోవాలో చెప్పగలిగే తల.

అయ్యవారు చొక్కా విప్పి, పక్కన పెట్టి, గడ్డపార తీసుకున్నాడు. మిగిలినవన్నీ తిప్పేశాం. ఆర్డరు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇప్పటికీ అవి తెల్లగానే ఉన్నాయి. ఎవరైనా వచ్చి బోర్లించమంటే కుదరదని చెప్పడానికి ముగ్గురం ఉన్నాం.

నిన్న మళ్ళీ మబ్బు పట్టింది. దుకాణంలో ఒకామెకు గుడ్డ కొలుస్తున్నాను. ఉన్నట్టుండి ఆమె, "ఏంది నాయనా, ఆపేసినావు?" అని అడిగింది. అప్పుడు చూసుకున్నాను. నా చేయి పైకి లేచి ఉంది. పడమరనుంచి ఏదో మోత వస్తోంది. ఉరుమైతే ఈపాటికి ఆగిపోవాలి.