నాలుగో మూల

మొన్న మా మనవడు తాండూరు బజారు నుంచి కరెంటు రంపం ఒకటి తెచ్చి, పెట్టె విప్పి, మూల సరిచూసే గుణియాను దాని బల్లకు ఆనించి, ఒక మర కొంచెం వదులు చేసి, మళ్లీ చూసుకుని, బిగించి, "గిప్పుడు సరిగ్గున్నది తాతా" అంటూ ఒక చెక్క కోసి నా చేతిలో పెట్టాడు. ఎక్కడా పీచు లేవని శుభ్రమైన కోత. కొత్త రంపాన్ని దారికి తెచ్చుకోవడం పావుగంటలో తేలిపోయే పనా అనిపించి, లోపలికి వెళ్లి కూర్చున్నాను. నాకు నచ్చలేదనుకుని వాడు చిన్నబుచ్చుకున్నాడు. నచ్చకపోవడం కాదు, మా నాయిన గుర్తొచ్చాడు.

మాది వడ్లోళ్ల ఇల్లు. నాయిన కుల్కచర్ల వైపు పల్లెలో నాగళ్లు, బండి చక్రాలు చేసి, పిల్లలం పుట్టాక తాండూరు వచ్చి స్టేషన్ దారిలో పటాలు కట్టే దుకాణం పెట్టాడు. నా ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో మనిషి ఫోటో దిగేది జన్మకు ఒకటో రెండో సార్లు, అందుకని ఆ ఫోటోకు కట్టే చట్రం కూడా జన్మంతా నిలవాలనే అడిగేవారు. దుకాణంలో మాకు బల్ల లేదు. ఉన్నది పెద్ద తాండూరు బండ. దాని మీదే కొలిచేవాళ్లం, కోసేవాళ్లం, అన్నం తినేవాళ్లం, దాని అంచునే నీళ్లు చల్లి ఉలులు నూరేవాళ్లం. గనిలో బాగా తెలిసిన పనివాడితో దగ్గరుండి నాలుగు మూలలూ సరిగ్గా తీయించానని నాయినకు మహా గర్వం. గుణియాను కూడా ఆ బండ మూలకు పెట్టి చూసేవాడు. రెండింటికీ పడకపోతే తప్పు గుణియాదే. "ఇనుము కింద పడితే వంకర పోతది, రాయి పోదు" అనేవాడు.

మూలలు కోయడానికి ఆయన ఎప్పుడో యవ్వనంలో చేసుకున్న చెక్కపెట్టె ఒకటి ఉండేది. దానికి వాలుగా కోసిన గాళ్లలో రంపం పెట్టి లాగితే మూల దానంతట అదే వచ్చేది. యాభై ఆరులో రాష్ట్రం మారిన కొత్తల్లో, ఏళ్ల తరబడి రంపం తిరిగి ఆ గాళ్లు వదులైపోతే, నేను వికారాబాదులో ఒక ఫర్నిచర్ దుకాణంలో చూసిన, మరలు తిప్పి కోత వాలు మార్చుకునే ఇనుప చట్రం రంపం కోసం పోరు పెట్టాను. నాకప్పుడు ఇరవై రెండేళ్లు, లోకంలో నాకు తెలియనిది లేదు. పాత పెట్టెను పొయ్యిలోకి ఇచ్చింది కూడా నేనే.

కొత్త రంపం వచ్చిన రోజు నాయిన దానికి పసుపు కుంకుమ పెట్టి, పళ్లు బయటికి ఎక్కువగా విరిసి ఉన్నాయని సన్నటి రాయితో రెండు పక్కలా మెల్లగా రాసి, చెక్క పీచు లేవకుండా చేశాడు. ఇక మూలలు. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి కోసి, రెండూ జతచేసి, ఆ జతను బండ మూలకు తొడిగి చూశాం. వెంట్రుకంత సందు. గుణియా మాత్రం జత సరిగ్గానే ఉందంది. దాన్ని ఎప్పటిలాగే పక్కన పెట్టేశాం. కుడి మర ఇంత, ఎడమ మర ఇంత తిప్పుతూ, కోస్తూ, తొడుగుతూ, రెండు రోజులు కుస్తీ పట్టి, చివరికి ఆ జత బండ మూలకు అతికినట్టు కూర్చుంటే ఇద్దరం పండగ చేసుకున్నాం.

తర్వాత మొదటి పని బజారులో వ్యాపారం చేసే ఒక పెద్ద కుటుంబానిది. ఇంటి పెద్దాయన పోయాడు. దినం నాటికి ఆయన పటం కావాలి. నేను కోశాను, నాయిన మేకులు కొట్టాడు. మూడు మూలలు చక్కగా కలిశాయి. నాలుగోది నోరు తెరిచింది. మళ్లీ కోశాం, మళ్లీ అంతే. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు అంటూ లోకం ఎప్పుడూ పనివాణ్ణే ఎగతాళి చేస్తుంది గాని, మా ఇంట్లో మద్దెల నిజంగానే ఓడని నాకేం తెలుసు? రంపం కొత్తది, రాయి తప్పు చూపదు. మిగిలింది నాయిన చెయ్యి. దినం తెల్లారితేనే. ఆ విసుగులో, ఫోటో తీసుకుపోవడానికి వచ్చిన మనిషి ముందరే అనేశాను.

"నీ చెయ్యి వణుకుతున్నది నాయినా. ఇగ నువ్వు కొట్టకు."

ఆయన సుత్తి కింద పెట్టాడు. జన్మలో ఆయన మూలకు లప్పం పూయలేదు. నేను పూసి, రంగేసి పంపించాను. మర్నాడు ఆయన దుకాణానికి రాలేదు. అమ్మతో, "గాడు చెప్పింది నిజమే గావొచ్చు, నాకే తెలుస్తలేదు" అన్నాడట. పిలిస్తే అరుగు మీద నుంచి లేచేవాడు కాడు.

ఆరేడు నెలలు ప్రతి చట్రానికీ లప్పం పూశాను. మేకులు కొడుతున్నది నేనైనా నాలుగో మూల తెరుచుకుంటూనే ఉంటే, మరి ఇప్పుడు ఎవరి చెయ్యి వణుకుతోందని నన్ను నేను అడగలేదు, తండ్రి పోలిక వచ్చిందనుకున్నాను. ఒకరోజు దుకాణం కడుగుతూ బండను అటుది ఇటు తిప్పి, అలవాటుగా జతను కొత్త మూలకు తొడిగితే కూర్చోలేదు. గుణియా తెచ్చి పెట్టాను. ఆ మూల సరిగ్గా ఉంది. మేం ఇన్నాళ్లూ నమ్మిన మూల దగ్గర వేలు పెడితే, ఉలులు నూరీ నూరీ అంచు లోపలికి జారిపోయి ఉంది. ఒక్కో మూలలో దాగిన వెంట్రుకంత తేడా అంతా కలిసి నాలుగో మూలలో నోరు తెరిచేది.

ఇంటికి పరుగెత్తి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించాను. నాయిన ఆ అంచు మీద బొటనవేలు అటూ ఇటూ నడిపించాడు. "రాయిదేం తప్పున్నది కొడుకా, నేనే అరగదీసిన గద" అన్నాడు. తప్పు నాది, మళ్లీ పనిలోకి రా అని బతిమాలాను. జవాబుగా కుడిచెయ్యి చాపి నా కళ్ల ముందు పెట్టాడు. అది వణుకుతోంది. నేను అన్ననాడు వణకలేదని నాకు ఇప్పటికీ నమ్మకం. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? పోయేదాకా ఆయన మళ్లీ సుత్తి ముట్టలేదు.

ఇప్పుడు ఆ బండ మా పెరట్లో బట్టలు ఉతుక్కోవడానికి ఉంది. కోత తప్పితే మనవడు రంపాన్ని తిడతాడు, అమ్మినవాడికి ఫోను చేస్తాడు. మనిషి చెయ్యి జోలికి ఎవరూ పోరు, దానితో అంత పని లేదు కనుక. మొన్న వాడిచ్చిన చెక్కను పట్టుకున్నప్పుడు నా చెయ్యి గజగజ వణికింది. వాడు చూశాడు, చూసి, చెక్కను కిందనుంచి మెల్లగా పట్టుకున్నాడే గాని ఒక్క మాట అనలేదు. ఆపాటి పని మా నాయినకు నేను చేసి ఉంటే చాలేది.