గూడబాతుల దరఖాస్తు

‘ఆ రోజుల్లో’ అని నిట్టూర్చే వయసు నాకింకా రాలేదు. నేను చెప్పబోయేది నిండా మూడేళ్ళు కాని సంగతి. అయినా అప్పటి నన్ను తలుచుకుంటే ఎవరో దూరపు చుట్టాలమ్మాయిని తలుచుకున్నట్టే ఉంటుంది. ఏలూరులో డిగ్రీ. మేజరు ఆక్వాకల్చర్, మైనరు ఇంగ్లీషు సాహిత్యం. (‘అమ్మాయి ముఖ్యంగా చేపలు చదువుతోందండి, పక్కన కొంచెం ఇంగ్లీషు కూడా’ అని నాన్న ఊళ్ళో చెప్పేవారు, పప్పులోకి వడియాల్లాగా.) ఉదయం రొయ్యకొచ్చే తెగుళ్ళు, మధ్యాహ్నం కవిత్వం. మా ఇంగ్లీషు మేడమ్ గారు మెత్తని మనిషి. "చదివేవాళ్ళ కళ్ళకి కట్టాలమ్మా" అనేవారు ఏం రాసి చూపించినా. ఆ మాట నాకు తలకెక్కింది. తలకెక్కడమంటే అన్నివిధాలా.

ఆ వేసవిలో మా చేపల చెరువుకి ప్రాణం మీదికొచ్చింది. కరెంటు వోల్టేజీ చాలక నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్లు తిరగడం లేదు. తెల్లారేసరికి చేపలు పైకి తేలి నోళ్ళు తెరిచేవి. ఇంకో నెల ఇలాగే ఉంటే ఏడాది పంటంతా గట్టున పడేసుకోవాల్సిందే. వేరే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. "అమ్మాయ్, దరఖాస్తు ఇంగ్లీషులో రాసెయ్. తెలుగులో రాస్తే అడుగున పెడతారు" అన్నారు నాన్న. ఇంతకాలానికి నా మైనరు ఇంటికి పనికొచ్చిందన్న పొంగులో మూడు పేజీలు రాశాను. సూర్యాస్తమయం రాశాను, గట్టుకి తల ఆనించి నిద్రపోయే కొల్లేటి నీళ్ళు రాశాను, గట్టు మీద బారులు తీరి వాలే గూడబాతులు రాశాను. ట్రాన్స్‌ఫార్మర్ మాట మూడో పేజీ చివర వచ్చింది. నాన్న ఒక్క ముక్క చదవకుండా, పేజీల లావు చూసి తృప్తిపడి సంతకం పెట్టేశారు.

వారానికి కరెంటాఫీసు నుంచి పిలుపొచ్చింది. ఇద్దరం వెళ్ళాం. ఇంజినీరు గారు మర్యాదగా కూర్చోబెట్టారు గానీ మొహంలో నవ్వు లేదు.

"ఏవండీ, మీ చెరువు కొల్లేరు పక్షుల అభయారణ్యంలో ఉందాండీ? అక్కడ చేపల చెరువులు ఉండకూడదు కదండీ."

"అబ్బే, లేదండీ! రెండు ఊళ్ళ ఇవతల, మా పట్టా భూమండి."

"మరి కొల్లేరు మీ గట్టుకి తల ఆనిస్తోందని మీరే రాశారు కదండీ. గూడబాతులు కూడా వాలుతున్నాయట. ఇది చూశాక నేను కరెంటివ్వాలా, అటవీ శాఖకి కబురెట్టాలా?"

నాన్న తెల్లబోయారు. "గూడబాతులేంటండీ బాబూ! అవి వాలితే నాకు చేప మిగులుద్దాండీ?" అని నా వైపు తిరిగారు. నేను ఫ్యాను వైపు చూశాను. మేడమ్ గారు చెప్పినట్టే కళ్ళకి కట్టింది. కట్టాల్సిన కళ్ళు మాత్రం అవి కావు. "సార్, అది... సాహిత్యమండి" అన్నాను. ఆయన తెల్లకాగితం నా ముందుకు తోశారు. ‘పై దరఖాస్తులోని పక్షులు, సూర్యాస్తమయం నా ఊహ మాత్రమే. మా చెరువులో చేపలు తప్ప మరేమీ లేవు’ అని తెలుగులో రాసిచ్చాను. మైనరులో నేను రాసినవాటిలో అతి స్పష్టమైన వాక్యాలు అవే.

లైన్‌మన్ వచ్చి గట్టంతా తిరిగి, ఒక్క కాకిని చూసి వెళ్ళాడు. పది రోజుల్లో ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది, చేపలు బతికాయి. అదంతా తర్వాతి మాట. ఆ రోజు తిరుగు బస్సులో మాత్రం నాన్న తిడతారని కిటికీకి అతుక్కుపోయి కూర్చున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. సగం దారిలో ఆయన గొంతు తగ్గించి అడిగారు.

"అమ్మాయ్, ఆ కాయితంలో నేను ఇంకా ఏమేం అన్నాను?"

చెప్పాను. మొదట నసుగుతూ, తర్వాత ఒక్కో వాక్యం తెలుగు చేసి, మూడు పేజీలూ చెప్పాను. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి రాగానే "అది తెలుసులే" అని చెయ్యి ఊపి, మొదటి పేజీ మళ్ళీ చెప్పమన్నారు.

ఇప్పుడు చేపల మేత కంపెనీలో రిపోర్టులు రాస్తాను. ఒక్క పక్షీ ఉండదు, ఒక్క తప్పూ ఉండదు. మళ్ళీ చెప్పమని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.