గడప ముందర తడిసిన బండ

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే, పని ఉందని లేచిపోయే మనిషిని నేను. పుట్టింట్లో పూనకాలు, దిష్టి తీయడాలు చూసి చూసి విసుగొచ్చేసింది. దేవుడి మీద కూడా పెద్ద నమ్మకం ఉండేది కాదు. ఇది ఇన్నేండ్లు ఎవరికీ చెప్పకపోవడం అందుకే.

రెండు వేల సంవత్సరం దాటినాక వరసగా వానలు లేని ఏండ్లు. పుంగనూరులో మా వీధికి నాలుగు రోజులకోసారి ట్యాంకరు వచ్చేది. ఇంటికి ఆరు బిందెలు. మా ఆయన పాల వ్యాను తోలేవాడు. ఇంట్లో మేమిద్దరం, మా అత్త చెంగమ్మ.

అత్తది కుప్పం పక్క పల్లె. వీధి చివర రాములవారి భజన గుడిని ఆమే కడిగేది. ఎవరూ అడక్కుండానే, పదహారేండ్లుగా, ప్రతి శుక్రవారం తెల్లారి. గుడి తాళంచెవి మా ఇంట్లోనే ఉండేది. ఆ దేవుడేమన్నా కడగమన్నాడా అని ఒకసారి అడిగినాను.

"దేవునికి మురికేందమ్మా. మనం వంగేదానికి ఇదొక సాకు," అనింది.

ఒక శుక్రవారం. ట్యాంకరు వచ్చి ఐదు రోజులైంది. ఇంట్లో అర బిందె మిగిలింది. అత్త అందులోంచి ఒక చెంబు బకెట్లో పోసుకోబోతే, నేను బిందె లాక్కున్నాను. "తాగేదానికి లేవు ఈడ. బండలకు పోస్తావా?" అన్నాను. ఆమె ఖాళీ బకెట్టు, గోనెగుడ్డ తీసుకుని పోయింది.

గంటకు వీధివాళ్లు వచ్చి పిలిచినారు. అత్త గర్భగుడి గడప ముందర పక్కకు ఒరిగిపోయి ఉంది. మూతి వంకరపోయింది. ఎండు గుడ్డ చేతిలోనే ఉంది. మదనపల్లె ఆసుపత్రిలో మూడు రోజులుండి చనిపోయింది. మాట రానే లేదు. నేను చెంచాతో నీళ్లు పోస్తే నోటి పక్కనుంచి కారిపోయినాయి.

మైల తీరినాక గుడి పెద్దలు తాళంచెవి అడిగేదానికి వచ్చినారు. నేనే ఊడుస్తానని చెప్పినాను. భక్తి కాదు. ఇంట్లో కూర్చోలేక.

నీళ్లు లేవు కాబట్టి ఉత్త చీపురుతో ఊడ్చేదాన్ని. మూడో శుక్రవారం తెల్లారి తలుపు తీస్తే, గడప ముందరి బండ తడిగా ఉంది. ఇప్పుడే తుడిచినట్టు గుడ్డ చారలు. ఒక మనిషి మోకాళ్ల మీద కూర్చుంటే చెయ్యి ఎంత దూరం అందుతుందో, అంత మేర. మిగతా బండలన్నీ దుమ్ము.

పైకప్పు చూసినాను, ఎక్కడా చెమ్మ లేదు. పూజారి చౌడేపల్లె నుంచి ఎనిమిది గంటల బస్సుకు వచ్చేవాడు, ఆయన దగ్గర తాళంచెవి లేదు. మదనపల్లెలో కొత్త తాళం కొని వేసినాను. గురువారం సాయంత్రం ఊడ్చి, తాళమేసి, తాళంచెవిని పిన్నీసుతో తాళిబొట్టుకు గుచ్చుకున్నాను. తెల్లారి మళ్లీ తడి.

మా ఆయనను పిలుచుకుపోయినాను. వంగి అరచెయ్యి బండ మీద పెట్టినాడు. చాలాసేపు తియ్యలేదు.

"ఆ పొద్దు అమ్మ బకెట్లో నీళ్లు ఉండెనా?" అని అడిగినాడు.

అంతవరకు ఆయనకు ఆ సంగతి తెలీదు. "లేవు. నేనే ఇయ్యలేదు," అన్నాను.

ఆయన లేచి వెళ్లిపోయినాడు. నెల రోజులు నాతో మాట్లాడలేదు. నా చేతి అన్నం తిన్నాడు, అంతే.

తర్వాతి వారం నుంచి నా స్నానానికని ఉన్న నీళ్లు బకెట్లో తీసుకుపోయి గుడంతా తుడవడం మొదలుపెట్టినాను. మోకాళ్లు బండకు ఆనినప్పుడు ఏడుపొచ్చింది. ఎవరితో చెప్పుకోవాలో తెలీనిది అక్కడ చెప్పుకోవచ్చు అనిపించింది. దాన్నే భక్తి అంటారేమో నాకు తెలీదు. ఇప్పటికీ శుక్రవారం మానలేదు.

ఆ తడి మొత్తం తొమ్మిది వారాలు కనిపించింది. పదో శుక్రవారం తలుపు తీస్తే బండ ఎండి, దుమ్ము పట్టి ఉంది. అన్ని వారాలూ రాని భయం అప్పుడొచ్చింది నాకు. చీపురు పక్కన పెట్టి అక్కడే కూర్చుండిపోయినాను. క్షమించి పోయిందో, నా మొహం చూడలేక పోయిందో, అసలు వచ్చింది ఆమెనో కాదో, ఈ పొద్దుకీ నాకు తెలీదు.